ముందు తిండి పెంచు తమ్ముడూ, ఆ తర్వాతే ఫైటర్ పిల్లలు

ప్రశ్న: అన్నా, నాది హనుమకొండ. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా దగ్గర ఎర్ర హాఫ్‌మూన్ (తోక అర్ధచంద్రుడిలా విచ్చుకునే రకం) మగ ఫైటర్ చేప, నీలం ఆడ ఫైటర్ చేప ఉన్నాయి. దసరా నుంచి ఇప్పటిదాకా మూడుసార్లు జత వేశాను. మొదటిసారి రెండో రోజుకే మగది గుడ్లన్నీ తినేసింది. తర్వాత రెండుసార్లూ పిల్లలు వచ్చాయి, వందకు తక్కువ ఉండవు. కానీ ఈదడం మొదలైన నాలుగో రోజుకల్లా ఒక్కటీ మిగల్లేదు. షాపులో చెప్పినట్టు ఉడికించిన గుడ్డు పచ్చసొన, పెల్లెట్ల పొడి రోజుకు మూడుసార్లు వేశాను. నీళ్ళు రోజూ సగం మార్చాను. రెండడుగుల ట్యాంకు, కింద గులకరాళ్ళు, ఫిల్టర్ ఉన్నాయి. హీటర్ లేదు. నా తప్పేమిటి? వెంటనే మళ్ళీ జత వేయొచ్చా? రెండు మూడు వందల పిల్లలు బతికితే అమ్ముకుని ఫీజు కట్టుకుందామని కూడా ఆశగా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను. నీ ఉత్తరంలో "నాలుగో రోజు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ రోజు సంగతి నాకు బాగా తెలుసు. కాకినాడలో మా డాబా మీద నా మొదటి రెండు విడతల పిల్లలూ సరిగ్గా ఆ రోజుకే పోయాయి. తెల్లారి లేచి టార్చి వేసి చూస్తే, ముందురోజు దాకా గాజు వెంబడి తచ్చాడినవి అడుగున తెల్లటి దారపు ముక్కల్లా పడి ఉన్నాయి. నేనూ పచ్చసొనే వేశాను. నాకూ దుకాణంలో అదే చెప్పారు. అందుకే నీకు మందులేవీ చెప్పబోవడం లేదు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ పిల్లలు జబ్బుతో పోలేదు, ఆకలితో పోయాయి.

"మూడు పూటలా వేశాను కదా" అంటావు. వేశావు. వాటికి అది తిండి అని తెలియలేదు. గుడ్డు పగిలి బయటికొచ్చిన ఫైటర్ పిల్ల పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. పొట్ట కింద చిన్న సొన సంచితో పుడుతుంది. రెండు మూడు రోజులు, మగచేప నీటి మీద బుడగలతో కట్టిన గూటి కింద తోక వేలాడేసుకుని ఆ సంచి మీదే బతుకుతుంది. సంచి కరిగిపోయే వేళకే అడ్డంగా ఈదడం నేర్చుకుంటుంది. అంటే, ఈత వచ్చిందని మనం సంబరపడే రోజే దాని ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు. అక్కడి నుంచి ఒకటి రెండు రోజుల్లో పొట్టలో ఏదో ఒకటి పడాలి. ఆ వయసులో దానికి కదిలేదే తిండి. కళ్ళ ముందు ఏదైనా మెదిలితే ఒళ్ళు వంచి, గురి చూసి, ఒక్క ఉదుటున అందుకుంటుంది. పెల్లెట్ పొడి మెదలదు. సొన నలుసు మెదలదు, పైగా చాలావరకు దాని నోటికి పెద్దది. పిల్లలు వాటి పక్కనుంచే ఈదుకుంటూ వెళ్ళిపోతాయి. తినని సొన గులకరాళ్ళ సందుల్లో చేరి కుళ్ళి అమ్మోనియా అవుతుంది. ఆకలి మీదున్న పిల్లకి అది రెండో దెబ్బ. సగం నీళ్ళు తీసి కొత్తవి పోయడం మూడో దెబ్బ. చలికాలంలో కుళాయి నీటి చల్లదనం, అందులోని క్లోరిన్, రెండూ ఒకేసారి తగిలాయి.

పచ్చసొనతో పెంచినవాళ్ళు అసలు లేరని అనను. గుడ్డలో వడగట్టి చుక్క చుక్కగా వేసి, వేసిన ప్రతిసారీ అడుగు తీసేంత తీరిక ఉన్నవాళ్ళకు కొన్ని దక్కుతాయి. కాలేజీకి వెళ్ళొచ్చే నీకు అది కుదిరే పని కాదు.

ఈ చేప ఎక్కడిదో తెలిస్తే దానికి ఏం కావాలో కూడా తెలుస్తుంది. దీని సొంతూరు థాయ్‌లాండ్ నడిమి మైదానాలు, చావో ఫ్రాయా నది పరీవాహకం. అక్కడ దీన్ని ప్లా కాట్ అంటారు, కరిచే చేప అని అర్థం. 2019లో ఆ దేశం దీన్ని తన జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మనిషి దీన్ని మచ్చిక చేసుకుని కనీసం వెయ్యేళ్ళయిందని 2022లో వచ్చిన ఒక జన్యు పరిశోధన తేల్చింది. వెయ్యేళ్ళు గడిచినా దాని పిల్లల కడుపు మాత్రం చిత్తడి నేలలకి, వరిమళ్ళకి అలవాటుపడ్డ కడుపే. మీ వైపు చెరువు కింద నాట్లేసిన మడిని తలుచుకో. జానెడు నీళ్ళు, పారని నీళ్ళు. ఎండకు గోరువెచ్చగా ఉంటాయి. ఆకూ అలమూ కుళ్ళి లేత టీ రంగుకు తిరుగుతాయి. దోసిట్లోకి తీసుకుని వెలుతురుకు పెడితే కంటికి ఆనీ ఆననంత పురుగులు వందల్లో తిరుగుతుంటాయి. అక్కడ పుట్టిన పిల్ల నోరు తెరిస్తే చాలు, తిండి దొరుకుతుంది. అద్దంలా కడిగి పెట్టిన మన ట్యాంకులో దానికి నోటికందేది ఏమీ లేదు. కాబట్టి మగచేప, ఆడచేప సంగతి కాసేపు పక్కన పెట్టు. జత వేయడానికి మూడు వారాల ముందే తిండి పెంచడం మొదలుపెట్టాలి. ఆ తిండి నీ కళ్ళ ముందు కదులుతూ కనిపించాకే చేపల్ని కలపాలి. నేను ఇన్నేళ్ళలో నేర్చుకున్నదాంట్లో దీనికి మించింది లేదు.

మొదటిది ఇన్ఫ్యూసోరియా. కంటికి కనిపించీ కనిపించని ఏకకణ జీవులు, వాటి చుట్టాలు. రెండు లీటర్ల గాజు సీసాలో పాత ట్యాంకు నీళ్ళు పోసి, గుప్పెడు ఎండు వరిగడ్డిని ముక్కలు చేసి, మరిగించి చల్లార్చి అందులో వెయ్యి. పురుగుమందు తగలని గడ్డి అయి ఉండాలి. గడ్డి దొరక్కపోతే ఎండిన అరటి తొక్క గోరంత ముక్క చాలు. రెండు మూడు రోజుల్లో నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడి వాసన వేస్తాయి. అది బ్యాక్టీరియా. చాలామంది ఈ తెల్లనీళ్ళే ఇన్ఫ్యూసోరియా అనుకుని పిల్లల మీద పోసేస్తారు. ఆగాలి. ఆ బ్యాక్టీరియాని తిని మనకు కావాల్సిన జీవులు పెరుగుతాయి. వారానికల్లా నీళ్ళు తేటపడి, కుళ్ళు వాసన పోయి, మట్టి వాసన లాంటిది మిగులుతుంది. చీకట్లో సీసా వెనక టార్చి పెట్టి చూడు. ధూళి దానంతటదే అటూ ఇటూ ఈదుతున్నట్టు కనిపిస్తే సిద్ధమైనట్టు. మూడు రోజుల తేడాతో రెండు సీసాలు పెట్టుకుంటే ఒకటి అయిపోయేసరికి ఇంకోటి అందుతుంది. మూతికి పల్చటి గుడ్డ బిగించి కట్టు. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఇంట్లోవాళ్ళకి డెంగీ తెచ్చిపెట్టే పని మనం చేయకూడదు.

రెండోది మైక్రోవార్మ్స్. సన్నటి తెల్ల పురుగులు, అతి చౌక తిండి. చేపలు పెంచేవాళ్ళెవరైనా చెంచాడు విత్తనం ఇస్తారు, కొరియర్‌లో పంపేవాళ్ళూ ఉన్నారు. ఓట్స్ గట్టి జావలా ఉడికించి, చల్లారాక ప్లాస్టిక్ డబ్బాలో అంగుళం మందం పరిచి, చిటికెడు ఈస్ట్ చల్లి, ఆ చెంచాడు పైన వెయ్యి. మూతకు సన్న రంధ్రాలు పెట్టి దూది అడ్డం పెట్టు. నాలుగైదు రోజుల్లో డబ్బా గోడల మీదికి పాకుతాయి. జావ తగలకుండా వేలితో గోడ తుడిచి, కాసిని నీళ్ళలో జాడించి, ఆ నీళ్ళు ట్యాంకులో వేస్తే సరి. రెండు వారాలకోసారి కొత్త డబ్బాలోకి మార్చుకోవాలి. ఇవి నేరుగా అడుక్కి పోతాయి, మంచినీళ్ళలో కొన్ని గంటలు బతుకుతాయి. తోడుగా మంచివే కానీ వీటి మీదే ఆధారపడితే పిల్లలు సరిగా ఎదగవు.

మూడోది ఆర్టీమియా, ఉప్పునీళ్ళలో బతికే చిన్న రొయ్య లాంటి జీవి. పిల్లల్ని నిలబెట్టేది ఇదే. మన కోస్తాలో రొయ్యల హేచరీల్లో పనిచేసినవాళ్ళని అడుగు, ఆర్టీమియా లేకపోతే సీడ్, అంటే రొయ్య పిల్లలు, లేవంటారు. రొయ్య పిల్లలకు పెట్టేదీ, మన ఫైటర్ పిల్లలకు పెట్టేదీ ఒకటే. ఆర్టీమియా గుడ్లు గోధుమరంగు పొడిలా ఉంటాయి. అక్వేరియం దుకాణాల్లో చిన్న పొట్లాలుగా అమ్ముతారు. ఎండలో, తేమలో పడి ఉన్న పొట్లం కొంటే సగం కూడా పొదగవు. కాబట్టి ముందు చిటికెడు పొదిగించి చూసుకో. మిగతాది గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో దాచు. లీటరు నీళ్ళకు 25 గ్రాముల కల్లుప్పు, అంటే పెద్ద చెంచాతో ఒకటిన్నర. లీటరున్నర కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టి, అందులో ఈ ఉప్పునీళ్ళు పోసి, అర చెంచా గుడ్లు వేసి, ఎయిర్ పంపు గొట్టం మూతి దాకా దించి బుడగలు గట్టిగా వదులు. ఒక్క గుడ్డు కూడా అడుగున నిలవకూడదు. నీళ్ళు 28 డిగ్రీల దగ్గర ఉండి, పైన లైటు వెలుగుతుంటే ఒక రోజులో పొదుగుతాయి. చలిగా ఉంటే ఒకటిన్నర రోజు పట్టొచ్చు. గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి. పొదగని గుడ్లు అడుక్కి చేరతాయి. నారింజ రంగు పిల్లలు వెలుతురు వైపు గుంపు కడతాయి. ఆ గుంపునే సన్న గొట్టంతో పల్చటి గుడ్డలోకి లాగి, మంచినీళ్ళతో కడిగి వెయ్యి. పెంకులు రానివ్వకు, పిల్లలు మింగితే కడుపులో అడ్డం పడతాయి. పొదిగిన కొద్ది గంటల్లోనే పెట్టడం మంచిది. ఆలస్యమైనకొద్దీ వాటి ఒంట్లోని సొన వాటికే ఖర్చయిపోతుంది, మన పిల్లకి దక్కేది తగ్గిపోతుంది. తిన్న ఫైటర్ పిల్ల పొట్ట నారింజ రంగు పూసలా మెరుస్తుంది. మొదటిసారి ఆ రంగు చూసిన రోజు నేను ట్యాంకు ముందు నుంచి గంటసేపు కదల్లేదు.

ఇక మగది గుడ్లు తినేసిన సంగతి. నాలుగు కారణాలుంటాయి. కొత్త మగచేపకి మొదటి ఒకటి రెండు విడతల్లో చేయి తిరగదు. ఫలించని గుడ్లకు బూజు పడుతుంది కాబట్టి వాటిని తనే తీసేస్తుంది, అది తప్పు కాదు. చలికి గుడ్లు ఆలస్యమైతే పాడైపోతాయి. నాలుగోది మనం. మాటిమాటికీ లైటు వేసి, మొహం ఆనించి చూస్తుంటే బెదిరి, గూడు పనికిరాదనుకుని తినేస్తుంది. ట్యాంకుకు మూడు వైపులా కాగితం అంటించు. రోజుకు రెండుసార్లకు మించి తొంగి చూడకు. తర్వాత రెండు విడతల్లో పిల్లలు బయటికి వచ్చాయి కదా, నీ మగచేప మంచి తండ్రే.

ట్యాంకు మార్చాలి. గులకరాళ్ళు మొత్తం తీసెయ్యి. గుడ్లు వాటి సందుల్లో పడితే మగది ఏరలేదు. ఫిల్టర్ కూడా తీసెయ్యి. ఆ ప్రవాహానికి గూడు చెదురుతుంది, చిన్న పిల్లలు లోపలికి పోతాయి. పిల్లలకు మూడు వారాలు వచ్చాక నెమ్మదిగా బుడగలొచ్చే స్పాంజ్ ఫిల్టర్ పెట్టొచ్చు. నీ రెండడుగుల ట్యాంకు సరిపోతుంది, నీళ్ళు మాత్రం జానెడుకు మించకూడదు, 12 నుంచి 15 సెంటీమీటర్లు చాలు. హీటర్ తప్పనిసరి, 28 డిగ్రీలు. అంత తక్కువ నీళ్ళలో నిలువుగా పెడితే హీటర్ పైభాగం గాలిలో ఉండి పగిలే ప్రమాదం ఉంది. పూర్తిగా మునిగేది కొని, కంపెనీ అనుమతిస్తే అడ్డంగా పడుకోబెట్టు. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్ పీకు. థర్మకోల్ కప్పుని నిలువుగా సగానికి కోసి ఒక మూల తేలేలా టేపు వేస్తే దాని కింద గూడు కడుతుంది. ఇంకో మూల ఆడది దాక్కోవడానికి జావా మాస్ అనే నీటి మొక్కను గుబురుగా వెయ్యి. చెరువులోంచి, కాలవలోంచి నాచు, గుర్రపుడెక్క తేవద్దు. వాటి వేళ్ళల్లో ఇన్ఫ్యూసోరియా ఉన్నమాట నిజమే, వాటితో పాటు తూనీగ పిల్లలూ వస్తాయి. అవి చేపపిల్లల్ని పట్టి తింటాయి.

ఒక ఎండు బాదం ఆకు కూడా వెయ్యి. కిరాణా కొట్టు బాదం కాదు, మన వీధుల్లో, బడి ఆవరణల్లో గొడుగులా పెరిగే నాటు బాదం. ఎర్రబడి దానంతటది రాలిన ఆకు ఏరుకొచ్చి, కడిగి, పూర్తిగా ఎండబెట్టి వాడాలి. వాహనాల పొగ మధ్య ఉన్న చెట్టుది వద్దు. నీళ్ళు లేత టీ రంగుకు వస్తాయి, ఆకు మీద సన్నటి జీవులు పెరుగుతాయి, బూజు కొంత తగ్గుతుంది. థాయ్‌లాండ్‌లోనూ ఈ ఆకే వాడతారు. అక్కడి నుంచి వచ్చిన ఆకుల పొట్లాన్ని మనవాళ్ళు డబ్బు పెట్టి కొనడం చూస్తే నాకు బాధేస్తుంది. మన చెట్టు కిందే రాలి ఊడ్చి పారేస్తున్నారు.

చేపల్ని కలపడానికి ముందు పది పన్నెండు రోజులు రెంటినీ వేరువేరుగా ఉంచి బాగా మేపు, బతికున్న దోమ లార్వాలో ఆర్టీమియానో దొరికితే మరీ మంచిది. తర్వాత మగదాన్ని ట్యాంకులో వదిలి, ఆడదాన్ని రెండు వైపులా తెరిచి ఉన్న గాజు చిమ్నీ లాంటిదానిలో, అడుగు కోసిన సీసా అయినా సరే, మధ్యలో పెట్టు. ఒకటి రెండు రోజులు చూసుకోనివ్వు. మగది గూడు కట్టాలి. ఆడదాని పొట్ట గుండ్రంగా ఉండి, కింద తెల్లటి చుక్క కనిపించాలి, ఒంటి మీద నిలువు చారలు తేలాలి. పొడుగునా అడ్డంగా చారలుంటే అది భయం, ఇంకా సమయం కాలేదు. నిలువు చారలు చూశాకే, సాయంత్రం పూట మెల్లగా చిమ్నీ పైకి తియ్యి. తరుముకోవడం, రెక్కల అంచులు కొద్దిగా చిరగడం మామూలే. పొలుసులు ఊడేలా కొడితే, లేదా రెండు రోజులైనా గుడ్లు పెట్టకపోతే విడదియ్యి. మొండితనం పనికిరాదు, ఆడది చచ్చిపోతుంది.

అన్నీ కుదిరిన రోజు మాత్రం చూసి తీరాల్సిందే, దూరం నుంచి. ఆడది తల దించుకుని గూటి కిందికి వస్తుంది. మగది ఉంగరంలా ఒళ్ళు వంచి దాన్ని చుట్టేస్తుంది. మొదటి కౌగిళ్ళలో గుడ్లు రావు, పొజిషన్ కుదరదు. తర్వాత్తర్వాత ఒక్కో కౌగిలికి పది, ఇరవై గుడ్లు బొంబాయి రవ్వ రాలినట్టు రాలతాయి. ఆడది ఒళ్ళు బిగుసుకుపోయి పక్కకి తేలుతుంది. చచ్చిపోయిందని మొదటిసారి చూసేవాళ్ళు చెయ్యి పెట్టబోతారు, పెట్టకు, క్షణాల్లో తేరుకుంటుంది. ఈలోగా మగది కిందికి దూకి ఒక్కో గుడ్డునీ నోట ఏరి గూట్లో పెడుతుంది. కొన్ని ఆడచేపలు కూడా సాయం చేస్తాయి, కొన్ని తింటాయి. ఇది గంటల తరబడి సాగుతుంది. చివరికి మగది ఆడదాన్ని తరిమేసి గూటిని ఒంటరిగా కాపలా కాయడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆడదాన్ని వలతో కాకుండా కప్పుతో మెల్లగా తీసి, బాదం ఆకు వేసిన శుభ్రమైన నీళ్ళలో విశ్రాంతిగా ఉంచు. కొర్రమేను తన ఎర్రటి పిల్లల గుంపు వెంట తిరుగుతూ కాపలా కాయడం మీ చెరువుల్లో చూసే ఉంటావు. ఫైటర్‌లో ఆ పని తండ్రిది, అదీ కొద్ది రోజులే. వెచ్చటి నీళ్ళలో 24 నుంచి 48 గంటల్లో గుడ్లు పగులుతాయి. కిందికి జారే పిల్లల్ని అది నిద్ర లేకుండా పైకి మోస్తుంది. పిల్లలు చాలావరకు అడ్డంగా ఈదుతున్న రోజు దాని పని అయిపోయినట్టు. ఆ రోజే తీసెయ్యి. ఇంకా ఉంచితే ఆకలితో ఉన్న తండ్రికి అటూ ఇటూ మెదిలేవన్నీ తిండిలాగే కనిపిస్తాయి.

ఆ రోజు నుంచి ఇన్ఫ్యూసోరియా రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి చిన్న టీ గ్లాసుడు. రెండో రోజు నుంచి మైక్రోవార్మ్స్ కొద్దిగా. మూడో నాలుగో రోజుకి ఆర్టీమియా మొదలుపెట్టు. పెద్దవి ముందే అందుకుంటాయి, చిన్నవి రెండు రోజుల తర్వాత. కాలేజీకి ముందు, రాగానే, పడుకునే ముందు, ఈ మూడు పూటలూ తప్పకు. సెలవు రోజుల్లో ఇంకో రెండుసార్లు. ఒకేసారి ఎక్కువ వేసి వెళ్ళడం కన్నా కొద్దికొద్దిగా నయం. ఆర్టీమియా ఉప్పునీటి జీవి కాబట్టి మంచినీళ్ళలో కొన్ని గంటలకే చచ్చి అడుక్కి చేరుతుంది.

ఇక నీళ్ళు మార్చే సంగతి. మొదటి వారం తీయడం తక్కువ, కలపడం ఎక్కువ ఉండాలి. కుళాయి నీళ్ళు మూత లేని బకెట్లో ఒక రోజు నిలవ ఉంచి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి, ట్యాంకు నీళ్ళంత వెచ్చగా చేసుకో. ఎయిర్ పంపు సన్న గొట్టానికి ముడి వేసి, చుక్క చుక్కగా రోజుకు ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టం పెంచు. అడుగున చెత్త కనిపిస్తే అదే సన్న గొట్టంతో తెల్ల మగ్గులోకి లాగు. మగ్గులో పిల్లలు వచ్చాయేమో వెతికి, వస్తే చెంచాతో తిరిగి వెయ్యి. రెండో వారం నుంచి రోజూ పదో వంతు, నెల దాటాక మూడో వంతు మార్చొచ్చు. ఎదుగుదల అంతా ఆ నీళ్ళ మార్పిడి మీదే ఉంటుంది.

ట్యాంకు పైన గాజు మూతో ప్లాస్టిక్ కవరో తప్పకుండా ఉండాలి. ఇది చాలామంది వదిలేసే విషయం. ఫైటర్ పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది, తలలో అందుకు లాబిరింత్ అనే అవయవం ఉంది. కొర్రమేను బకెట్‌లో కొద్ది నీళ్ళతో గంటల తరబడి బతికేది కూడా ఇలా గాలి మింగే శక్తి వల్లే. పిల్లల్లో ఆ అవయవం మూడు వారాల నుంచి ఆరు వారాల మధ్య తయారవుతుంది. అప్పుడు పైన గాలి వెచ్చగా తేమగా ఉండాలి. ఫ్యాను కిందో, ఏసీ గదిలోనో మూత లేకుండా పెడితే, నెల వయసులో ఏ కారణమూ కనిపించకుండా ఒక్కొక్కటే పోతాయి. ఒంటి మీద సన్నటి బంగారు పొడి చల్లినట్టు కనిపించి, రెక్కలు ముడుచుకుని, దేనికో ఒకదానికి రుద్దుకుంటే అది వెల్వెట్ జబ్బు. పిల్లలకు చాలా ప్రమాదం. ట్యాంకుకు చీకటి చేసి, వేడి తగ్గకుండా చూసి, తెలిసినవాళ్ళని వెంటనే అడుగు.

ఇక నీ ఆశ దగ్గరికి వస్తాను. ఆశపడటంలో తప్పులేదు, లెక్క మాత్రం ముందే తెలియాలి. ఒక విడతలో 150 బతికాయనుకో, సుమారు సగం మగవి. రెండు నెలలు దాటేసరికి మగపిల్లలు ఒకదాని మీద ఒకటి మొప్పలు విప్పడం మొదలుపెడతాయి. వాటిని వేరుచేయకపోతే రెక్కలు చింపేసుకుంటాయి, చిరిగిన హాఫ్‌మూన్‌ను ఎవరూ కొనరు. అంటే సుమారు 75 సీసాలు కావాలి. వాటన్నిటికీ రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి, రోజూ తిండి వేయాలి, అమ్ముడుపోయేదాకా రెండు మూడు నెలలు. రెండు లీటర్ల నీళ్ళ సీసాల మెడలు కోసి వాడుకోవచ్చు, మధ్యలో అట్టలు పెట్టాలి. చలికాలంలో సీసాలన్నిటినీ పెద్ద టబ్బులో నీళ్ళు పోసి నిలబెట్టి, ఆ టబ్బులో ఒక్క హీటర్ వేస్తే అన్నీ వెచ్చగా ఉంటాయి. దుకాణాలకు చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల నుంచి, థాయ్‌లాండ్ నుంచి సరుకు వస్తుంది, వాళ్ళతో ధరలో పోటీ పడటం కష్టం. పైగా నీ జతకి పుట్టేవి ఎరుపూ నీలమూ కలిసిన రకరకాల రంగులవి అవుతాయి. ఇంట్లో వాళ్ళు ముద్దుగా చూసుకుంటారు కానీ మంచి ధర పలికే రకం కాదు. మొదటి విడతతో ఫీజు కట్టుకోవాలని అనుకోకు. ఫీజు డబ్బు హీటర్‌కీ ఆర్టీమియాకీ ఖర్చు చేయకు. ముందే నీ స్నేహితుల్లో, ఊళ్ళోని దుకాణాల్లో ఎవరు ఎన్ని తీసుకుంటారో అడిగి కాగితం మీద రాసుకో. ఆ సంఖ్య ఇరవై దాటకపోతే, గూట్లోంచి కొన్ని గుడ్లే ఉంచి మిగతావి తీసెయ్యడం కూడా ఒక దారి. సీసాలు లేక ఎదిగిన చేపల్ని చంపుకోవడం కన్నా అది మేలు. ఏం జరిగినా మిగిలిన వాటిని భద్రకాళి చెరువులోనో కాలవలోనో వదలకు. అది వాటి ఊరు కాదు, అక్కడున్న చేపలకు మన ట్యాంకు జబ్బులు పట్టిస్తాయి.

వెంటనే మళ్ళీ జత వేయొచ్చా అన్నావు. వద్దు. దసరా నుంచి మూడుసార్లంటే ఆ ఆడచేప బాగా అలిసిపోయి ఉంటుంది. మీ వైపు ఇప్పుడు రాత్రిళ్ళు చలి కూడా ఎక్కువ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటిదాకా ఆగు. ఈలోగా ఆడదాన్ని మేపు. మీ ఇంటి చుట్టుపక్కల ఎవరి దొడ్లో అయినా ఎండు గడ్డి అడుగు, ఒక గాజు సీసా కడిగి పెట్టు, ఇవాళే మొదటి ఇన్ఫ్యూసోరియా వెయ్యి. వచ్చే ఆదివారం రాత్రి గదిలో లైటు ఆర్పి సీసా వెనక టార్చి పెట్టి ఏం కనిపించిందో నాకు రాయి. మైక్రోవార్మ్స్ విత్తనం దొరక్కపోతే అదీ రాయి, నా డబ్బాలోంచి చెంచాడు పంపిస్తాను.